చెఱసాల గోడలును అంటురోగములును



మా ఖమ్మము ప్రాంతమున చెఱసాల యన్నంతనే ప్రతివానికిని స్ఫురించునది గోలకొండ కోటలోని రామదాసు బందిఖానా. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహశీల్దారై, భద్రాద్రిరామునికి గుడి కట్టించి, ఆ సొమ్ము లెక్కలకై తానీషా ప్రభువుచే చెఱబడిన కంచెర్ల గోపన్న కథ మన పల్లెలలో చిన్నపిల్లలకును తెలియును. పండ్రెండేండ్లు చెఱలో నుండెనని పెద్దలు చెప్పుదురు. ఆ కథ చెప్పువారు కొరడాదెబ్బలను సంకెళ్లను వర్ణింతురే గాని, ఆ చీకటికొట్టులో త్రాగునీరెట్లుండెను, గాలి యెట్లు వచ్చెను, ప్రక్కవానికి జ్వరము తగిలినపు డేమి చేసిరి అని యడుగువా రరుదు. ఆ తానీషాయే 1687లో ఔరంగజేబునకు పట్టుబడి, దౌలతాబాదు కోటలో బందీయై, 1699లో అక్కడనే కన్నుమూసెను. చెఱ వేయించినవానికిని చెఱ తప్పలేదు.

నేడు నేను చెప్పబూనినది హెచ్.ఐ.వి. అను సూక్ష్మక్రిమి చెఱసాలలలో వ్యాపింపకుండ జేయు ప్రయత్నము, దాని పూర్వచరిత్ర. "ఇది వైద్యులకును జైలరులకును చెప్పదగిన మాట గాని పల్లెపెద్దల కేల?" అని ఖానాపురం హవేలిలో నా మిత్రుడొకడు ప్రశ్నించెను. చెఱసాలలోనికి పోవువాడు ఏదో యొక ఊరినుండియే పోవుచున్నాడు. ఆ ఊరికే తిరిగి వచ్చుచున్నాడు. 2022వ సంవత్సరాంతమున మన దేశపు కారాగారములలో 4,36,266 మందికి తావుండగా, ఉన్నవారు 5,73,220 మంది. వారిలో నూటికి డెబ్బదియైదుగురికి పైగా ఇంకను విచారణ ముగియని వారు. అనగా నేరము రుజువైన వారు కారు. వారిలో పెక్కుమంది కొలదినెలలలోనో ఒకటి రెండేండ్లలోనో ఇల్లు చేరువారు. లోపల నలుగురు పండుకొను చోట ఐదుగురు ఆఱుగురు పండుకొనినపుడు వచ్చు రోగము లోపలనే యుండిపోవునా?

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. మైసూరులో శామశాస్త్రిగారికి 1905లో దొరకి 1909లో అచ్చయిన కౌటిల్యుని యర్థశాస్త్రమున బంధనాగారమును గూర్చి చెప్పబడినది. స్త్రీలకును పురుషులకును వేఱువేఱు తావులు, బావి, మఱుగుదొడ్డి, స్నానపుగది యుండవలెను. విషజంతువుల బాధ లేకుండుటకై పిల్లిని ముంగిసను పెంపవలెను. రాజు జన్మనక్షత్రమునాడును, పౌర్ణమినాడును బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను చెఱనుండి విడువవలెనని మఱియొకచోట గలదు. రోగిని బంధించి యుంచుట రాజ్యమునకు క్షేమకరము కాదను తలపు మనకు క్రొత్తది కాదు.

సీమదేశమువారు ఈ పాఠమును ప్రాణములిచ్చి నేర్చుకొనిరి. 1577లో ఆక్స్‌ఫర్డు పట్టణమున న్యాయసభ జరుగుచుండగా, ఖైదీలతో వచ్చిన జ్వరము న్యాయాధిపతులను, జూరీవారిని, వేడుక చూడవచ్చినవారిని పట్టుకొని దాదాపు మూడువందలమందిని పొట్టనబెట్టుకొనెను. 1750లో లండను నగరపు ఓల్డు బెయిలీ న్యాయస్థానమున అట్లే జరిగి, నగరాధ్యక్షుడును ఇద్దఱు న్యాయమూర్తులును మరణించిరి. దుర్గంధమే జ్వరహేతువని తలచి, న్యాయమూర్తులు పరిమళించు పూలగుత్తులను చేతబట్టి కూర్చుండసాగిరి. పూలకు పేను జంకునా? ఆ జ్వరమును ఒకరినుండి యొకరికి మోయునది ఒంటిమీది పేనని షార్లు నికోల్ అను వైద్యుడు 1909లో ట్యూనిస్ నగరమున కనుగొనెను. ఖైదీకి మార్చుకొన గుడ్డ లేకపోవుటయే న్యాయమూర్తి ప్రాణమును తీసినదన్నమాట.

జాన్ హోవర్డు అను నతడు 1773లో బెడ్‌ఫర్డు మండలమునకు షరీఫై, తన యధీనమునందలి చెఱసాలను స్వయముగా చూచి, యింతటితో నూరకుండక దేశమందలి చెఱసాలలన్నిటిని తిరిగి చూచెను. అతని సాక్ష్యము విని 1774లో శాసనసభవారు ఒక చట్టము చేసిరి. చెఱసాల గోడలకు ఏటేట సున్నము కొట్టవలెను. గాలి వచ్చునట్లు చేయవలెను. రోగులకు వేఱుగది, స్నానమునకు తొట్టి, చూచుటకు వైద్యుడు ఉండవలెను. 1777లో తాను చూచినదంతయు గ్రంథముగా ప్రకటించెను. కడకు 1790లో రుష్యాదేశపు ఖెర్సోను పట్టణమున జ్వరమునకే బలియయ్యెను.

ఇక మన నేల. ఓరుగల్లు చెఱసాల 1886లో నిజాము కాలమున ఏర్పడినది. రాజమహేంద్రవరమున డచ్చివారి పాతకోట 1864లో చెఱసాలగా మాఱినది. భద్రాచలము తాలూకా 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలోనిది గావున, ఒకే యడవిలో గోదావరి కీవల తప్పుచేసినవాడు సాధారణముగా ఓరుగల్లునకును, ఆవల చేసినవాడు రాజమహేంద్రవరమునకును పోవలసినవాడు. లోపలి జీవితమును సాహిత్యమున మనకు చూపినవారు వట్టికోట ఆళ్వారుస్వామిగారు. నిజామాబాదు చెఱలో దాశరథి కృష్ణమాచార్యులవారితో గూడ నుండిన ఆయన, తాను జైళ్లలో చూచిన మనుష్యులనే 'జైలు లోపల' అను సంపుటమున కథలుగా వ్రాసిరి. బ్రిటిషువారు 1894లో చేసిన కారాగారచట్టమున ప్రతి చెఱసాలకును ఆసుపత్రియో, రోగుల నుంచదగిన తావో ఉండవలెనని విధించిరి. స్త్రీపురుషులను, విచారణలోనివారిని శిక్షపడినవారిని వేఱువేఱుగ నుంచవలెననిరి. కాగితముపై చట్టము చక్కనిదే.

1897లో బొంబాయిని మహమ్మారి పీడించుచుండగా హాఫ్‌కిన్ అను శాస్త్రజ్ఞుడు తాను సిద్ధపఱచిన టీకాను జనవరి 10వ తేదీన మొదట తన యొడలికే వేయించుకొని, పిదప బైకలా చెఱసాలలో ముందునకు వచ్చిన ఖైదీలకు వేసెను. వేయించుకొనినవారిలో చావు లేదు. వేయించుకొననివారిలో కొందఱు చనిపోయిరి. టీకా గెలిచెను. అయినను నాకొక సందేహము. బయటికి పోవు దారిలేని చోట, తలుపునకు తాళము వేసియుండగా, "నీ కిష్టమేనా?" అని యడిగిన ప్రశ్నకు "ఇష్టమే" యనుట యెంతవఱకు స్వేచ్ఛ? ఈ ప్రశ్న తొంబది యేండ్ల తరువాత మరల మద్రాసులో తలయెత్తినది. దానిని చెప్పెదను.

అంతకు ముందు కుష్ఠరోగుల మాట చెప్పవలెను. 1898 కుష్ఠరోగచట్టముచే, దిక్కులేక వీథులలో తిరుగు కుష్ఠరోగిని పోలీసువారు పట్టి ఆశ్రమములో బంధింపవచ్చును. ఏ నేరమును చేయనివానికి రోగమే నేరమైనది. ఇదే కాలమున మన తెలంగాణములో వేఱొక దారియు తెఱువబడెను. నిజామాబాదునకు చేరువ డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, రాజా నర్సాగౌడుగారి విరాళముతో, 1915లో కుష్ఠరోగుల ఆసుపత్రిని ప్రారంభించెను. పట్టితెచ్చుట లేదు, వైద్యము గలదని విని రోగులే నడచివచ్చిరి. 1898 నాటి ఆ చట్టము 2016లో గాని రద్దు కాలేదు. రోగమునకు భయపడి చేసిన చట్టము రోగము లొంగిన తరువాతను చావకుండుట విచిత్రము.

ఎయిడ్స్ రోగమును గూర్చిన తొలివార్త 1981 జూనులో అమెరికానుండి వచ్చెను. దాని హేతువైన క్రిమిని 1983లో పారిసు నగరమందలి పాశ్చరు సంస్థలో బారె-సినూసీ, మాంటనియే అనువారు కనుగొనిరి. మన దేశమున అది లేదనియే అధికారులు ధీమాగా నుండిరి. మద్రాసు వైద్యకళాశాలలో డాక్టరు సునీతి సోలమన్ అను ఆచార్యురాలు తన శిష్యురాలగు సెల్లప్పన్ నిర్మలను ఈ పరిశోధనకు పురికొల్పిరి. వేశ్యావృత్తిలోని స్త్రీల రక్తము పరీక్షింపవలెను. కాని మద్రాసున వారికి ప్రత్యేకమైన వాడ లేదు. ఆస్పత్రికి వచ్చు ఒకరిద్దఱితో పరిచయము చేసికొని నిర్మల ఆరాతీయగా, పోలీసువారు పట్టి, జామీను కట్టలేక నిర్బంధములో నున్న స్త్రీలు విజిలెన్స్ హోమ్ అను గృహమున నున్నారని తెలిసెను. ఉద్యోగమునకు పోవు దారిలో ఆమె ప్రతిదినము అక్కడికి పోయి రక్తము తీసెను. చేతులకు తొడుగులైనను లేవు. సేకరించిన రక్తమును తన యింటి ఫ్రిజ్జిలో దాచెను. 1986 ఫిబ్రవరిలో మంచుపెట్టెలో నుంచి రాత్రి రైలుబండిపై వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చేర్చిరి. ఆరు నమూనాలు పసుపువన్నె తిరిగెను. అమెరికాలో మరల పరీక్షింపగా నిజమే యని తేలెను. ఆ సంగతి తమిళనాడు శాసనసభలో ప్రకటింపబడినపుడు చాలమంది నమ్మలేదు. పరీక్షయే తప్పన్నవారును గలరు.

భారతదేశమున హెచ్.ఐ.వి. మొట్టమొదట కనబడినది నిర్బంధములో నున్న ఆడవారియందు. మన గ్రంథములు ఈ పరిశోధనను కొనియాడును. కొనియాడదగినదే, దానివలన దేశము మేలుకొనెను. కాని ఆ స్త్రీల గతి యేమైనది? తమ రక్తము దేనికి తీసికొనిరో వారికి తెలియదు. రోగము బయటపడిన పిమ్మట, శిక్షాకాలము తీరినను, బయటికి విడిచినచో రోగము వ్యాపించునను భయముతో కొందఱిని అక్కడనే యుంచిరి. 1990లో శ్యామలా నటరాజ్ అను పత్రికారచయిత్రి మద్రాసు ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము వేసిన మీదటగాని వారికి విడుదల లేకపోయెను. ఆ స్త్రీలను కొనినవారు మాత్రము నగరమున యథేచ్ఛగా తిరుగుచుండిరి. వారి రక్తము నెవరు నడుగలేదు. వ్యాధిని బంధించితిమని తలచిరి గాని బంధించినది వ్యాధినా, ఆరుగురు బీదరాండ్రనా?

గోవాలోను ఇట్లే. 1989 ఫిబ్రవరిలో డామినిక్ డిసౌజా అను యువకుని పోలీసువారు పిలిపించి, కారణమైన చెప్పక కొనిపోయి, పాడుపడిన క్షయరోగుల ఆసుపత్రిలో కావలిపెట్టి బంధించిరి. అతడు చేసిన పాపమేమనగా రక్తదానము. ఆ రక్తమును పరీక్షింపగా హెచ్.ఐ.వి. కనబడెను. ఆ రాష్ట్రపు ఆరోగ్యచట్టము అట్టివారిని వేఱుచేసి నిర్బంధింపవలెనని చెప్పుచుండెను. అరువదినాలుగు దినముల తరువాత న్యాయస్థానపు టుత్తరువుచే ఇల్లు చేరెను. 1992లో చనిపోవు లోపల, తనవంటి వారికై ఒక సంస్థను నెలకొల్పెను.

పేనుజ్వరమునకు ఖైదీని వేఱుగ నుంచి గుడ్డలుడికించిన ఫలమున్నది. హెచ్.ఐ.వి.కి ఆ యుపాయము పనికిరాదు. ఎందుకనగా ఇది గాలివలన, స్పర్శవలన రాదు. ఒకే పళ్లెమున తినినను, ఒకే బావినీరు త్రాగినను, ఒకే కంబళి కప్పుకొనినను, దోమ కుట్టినను రాదు. రక్తమువలన, స్త్రీపురుష సంయోగమువలనను పురుషుల పరస్పర సంయోగమువలనను, తల్లినుండి బిడ్డకును వచ్చును. చెఱసాలలో ముఖ్యమైన దారులు మూడు. దొంగచాటున వచ్చిన మత్తుమందును ఒకే సూదితో పలువురు పొడుచుకొనుట మొదటిది. వినోదమునకై ఒకే సూదితో పచ్చబొట్లు పొడుచుకొనుట రెండవది. మూడవది పురుషులలోని సంబంధము, అందు బలవంతముగ జరుగునదియు గలదు. స్కాట్లాండునందలి గ్లెనోకిల్ చెఱసాలలో 1993లో సూదులు పంచుకొనుటవలన, లోపల నుండగనే పదిమందికి పైగా ఈ క్రిమి సోకినట్లు వైద్యులు రుజువు చేసిరి.

ఈ మూడింటిలో దేనిని నోటితో నొప్పుకొనుటకైనను అధికారులకు సిగ్గు. 1994లో ఢిల్లీ తీహారు చెఱసాలలో ఖైదీలకు నిరోధ్ తొడుగు లీయవలెనని వైద్యులు సూచింపగా, అట్లిచ్చినచో నేరమును ప్రోత్సహించినట్లగునని అధికారులు సమ్మతింపలేదు. ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అను సంఘమువారు ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమునకు పోయిరి. ఆ వ్యాజ్యము 2001లో త్రోసివేయబడెను. వయోజనులు పరస్పరసమ్మతితో నెఱపు అట్టి సంబంధము నేరము కాదని సర్వోన్నతన్యాయస్థానము 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పువఱకు ఆ చిక్కు విడలేదు. మన పెద్దలలో ఈ తీర్పు నచ్చనివారు గలరు. వారితో నేను వాదింపబోను. కాని జరుగుచున్న దానిని జరుగుట లేదని వ్రాసికొనిన పుస్తకము రోగమును ఆపదు.

స్విట్జర్లండు దేశమున ఒబర్‌షోన్‌గ్రూన్ అను చెఱసాలకు ఫ్రాంజ్ ప్రోబ్స్‌ట్ అను వైద్యుడు వచ్చుచుండెడివాడు. పలువురు ఖైదీలు సూదితో మందు పొడుచుకొనుట చూచి, 1992లో ఎవరినడుగకయే శుభ్రమైన సూదులను పంచసాగెను. పైయధికారులు విని, అతనిని తొలగింపక, సంగతి విచారించి కొనసాగింపుమనిరి. సూదులను ఆయుధములుగా వాడుదురని అందఱును భయపడిరి. అట్లు జరుగలేదు, మత్తుమందు వాడుక పెరుగనులేదు. మన దేశమున సూదులు పంచుట చెఱసాలలలో లేదు గాని, 2008లో తీహారునందు మత్తుమందునకు బదులుగ నోటిద్వారా ఇచ్చు వైద్యమును మొదలిడిరి. సూదిని మాన్పించుటకు అదియు నొక త్రోవ.

అన్నిటికంటె బలమైన యుపాయము మందు. హెచ్.ఐ.వి.కి మూడు మందుల కూటమి 1996 ప్రాంతమున వచ్చెను. మన ప్రభుత్వము 2004 ఏప్రిలు 1న ఉచితముగ నిచ్చుట ప్రారంభించెను. 2017నుండి రోగము తెలిసిన ప్రతివానికిని వెంటనే ఈయవలెనని నియమము. ప్రతిదినము తప్పక మ్రింగినవాని రక్తములో క్రిమి పరీక్షకైనను అందనంతగా తగ్గిపోవును; అట్టివానివలన సంయోగమునందు ఇతరులకు సోకదు. కనుక రోగికి చేసిన వైద్యమే ఇతరులకు రక్ష. చెఱసాల వైద్యుని చేతిలోని మందుగోలి ఎత్తైన గోడకంటె ఎక్కువ పనిచేయును.

2021నాటి ప్రభుత్వపరిశీలనలో ఖైదీలలో నూటికి సుమారు ఇద్దఱికి ఈ క్రిమి యున్నట్లు తేలెను. దేశమందలి సామాన్యజనములో అది వేయికి ఇద్దఱు. ఇది చూచి ఖైదీలందఱును చెడినవారని తీర్పు చెప్పరాదు. వారిలో పెక్కుమంది రోగముతోడనే లోపలికి వచ్చినవారు. బీదతనము, మత్తుమందు, ఊళ్లు పట్టి తిరుగు బ్రదుకు ఏవి చెఱకు చేర్చునో అవే రోగమునకును చేర్చును. 2023లో ఉత్తరాఖండమందలి హల్ద్వానీ చెఱసాలలో 44 మందికి హెచ్.ఐ.వి. యున్నదని పత్రికలు పెద్ద యక్షరములతో వ్రాసినవి. పరీక్ష చేసిరి గనుక కనబడిరి. సంఖ్య చూపని చెఱసాలను గూర్చియే నాకు భయము.

2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10నుండి అమలైన హెచ్.ఐ.వి. చట్టము మద్రాసు, గోవా దినములకు సమాధానమువంటిది. సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదు. ఫలమును ఇతరులకు చెప్పరాదు. రోగమున్నదని వేఱుచేయరాదు. ప్రభుత్వపు అదుపులో నున్నవారికి, అనగా శిక్షపడిన ఖైదీకి, విచారణలో నున్నవానికి, సంరక్షణగృహములలోని స్త్రీలకును పిల్లలకును, నివారణోపాయములును, సలహాయు, పరీక్షయు, చికిత్సయు పొందు హక్కు గలదని అందు ప్రత్యేకముగ వ్రాయబడినది.

చట్టము తెగిపోవు చోటొకటి యున్నది. ఒక చెఱనుండి మఱియొక చెఱకు మార్చు దినము, విడుదల చేయు దినము. ఓరుగల్లు కేంద్రకారాగారమును 2021లో కూల్చి, ఆ స్థలమున పెద్ద ఆసుపత్రి కట్టుటకు పూనుకొనిరి. చెఱసాలయున్న చోట ఆసుపత్రి లేచుట శుభమే. అప్పుడు అక్కడివారిని పెక్కు చెఱసాలలకు పంచవలసి వచ్చెను. ఇట్టి సమయములలో మనిషితోపాటు అతని మందుల చీటియు పోవలెను. పది దినములు మందు తప్పినచో క్రిమి మరల విజృంభించును; మాటిమాటికి తప్పినచో మందునకే లొంగని దగును. క్షయయు దానికి తోడగును.

విడుదలయై ఊరు చేరినవాని విషయమున పెద్దలను జనము అడుగు ప్రశ్నలు నేను వినియున్నాను. "వానిని రక్తపరీక్ష కాగితము చూపుమనవచ్చునా?" కూడదు, చట్టము ఒప్పదు. "చెఱువున స్నానము చేయనీయవచ్చునా, పెండ్లిలో పంక్తిని కూర్చుండబెట్టవచ్చునా?" నిస్సందేహముగ. "వాడు నెలకొకసారి పట్టణము పోవుచున్నాడు, ఎందుకు?" అని ఆరాతీయువా రుందురు. ఆ యారాయే వానిచేత మందు మాన్పించును. దుమ్ముగూడెమునుండియో చర్లనుండియో పట్టణపు ఆసుపత్రికి వచ్చుటకు ఒక దినపు కూలి పోవును, బస్సుఖర్చు తగులును. ఆ దినము వానిని పనికి రాలేదని తీసివేయకుండ మేస్త్రీకి ఒక మాట చెప్పగలవారు ఊరి పెద్దలే. ఇక రోగవిషయమున సందేహమున్నవారు పేరు చెప్పనవసరము లేకయే 1097 అను సంఖ్యకు టెలిఫోను చేసి యడుగవచ్చును. అది ప్రభుత్వము వారిది. దానికి ఖర్చు లేదు.